మండని చోటు

ఏటుకూరు రోడ్డులో
కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
తేజా కాయల గుట్టకి ఇటు నలభై మంది,
అటు నలభై మంది,
తొడాలు తీస్తూ.
గుమ్మంలోనే నాలుగు తుమ్ములు తుమ్మి
ట్యాబు చంకలో పెట్టుకుని లోపలికెళ్తాను.
"టీకాలమ్మ వచ్చింది" అంటారు,
టీకాలు తేని రోజు కూడా.

ఈ నెల చర్మం ఫొటోలు.
చూపించుకోండమ్మా,
పెద్దాసుపత్రి దాకా పోనక్కర్లేదు,
ఫొటో పోతుంది, మీ కూలి పోదు.
పోదన్న మాటకి ముగ్గురు లేచారు.

రాహేలు చెయ్యి చాపింది.
మోచేతికి కింద, గాజులు ఆగే చోటికి పైన
రంగు వెలిసిన బిళ్ళ.
పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టి తీశాను,
కొలతకి.
"ఫొటోకి డబ్బులు కూడా ఇస్తారా" అని నవ్వి
నా బిళ్ళ నాకిచ్చేసింది.

అరగంటకి జవాబు.
"ఎర్రగా వచ్చింది. మంచి వెలుతురులో మళ్ళీ తీయండి."
డాక్టర్ ముక్తేశ్వరి గారికేం తెలుసు,
ఇక్కడ వెలుతురే ఎర్రగా ఉంటుందని.
గుట్ట మీద పడ్డ ఎండ పైకి లేచి
రేకుల మీద, మొహాల మీద,
చీర ఉయ్యాల్లో పడుకున్న పసివాడి మీద
కారంలా రాలుతుందని.

బయటికి తీసుకెళ్ళాను.
లారీ నీడ దాటించి తెల్ల తువ్వాలు పరిచాను.
మసకగా ఒకటి.
నా వేలు అడ్డమొచ్చి ఒకటి.
నాలుగోది కుదిరింది.
వెంట్రుకలు రాలిన అంచు కూడా తెలుస్తోంది.
ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు.
నా బొటనవేలి గోరు మాత్రం ఆవిడకి తెలిసే ఉంటుంది,
మూడేళ్ళుగా, ఫొటోల మూలన.

"దురద ఉందా?"
లేదు.
"మంట?"
చదివి వినిపిస్తే రాహేలుకి నవ్వాగలేదు.
"మంటా! మంట లేనిదెక్కడ మేడం.
రాత్రి చేతులు మజ్జిగలో పెట్టుకుని కూచుంటాం.
పిల్లోణ్ణి ముట్టుకుంటే ఏడుస్తాడు.
మర్చిపోయి కళ్ళు తుడుచుకున్నామా, అయిపోయామే.
ఒళ్ళంతా మంటే,
ఇదిగో, ఈ కాస్త తప్ప.
ఇక్కడ కారం పడ్డా మండదు.
ప్రభువు నాకిచ్చిన నీడ అనుకున్నా."

నా వేళ్ళు ఆగిపోయాయి.
నాలుగు ఫొటోల్లో ఒక్కదానికీ
ఆ మాట పట్టలేదు.

తర్వాతి వరుసలో ఆవిడే అడిగింది.
"స్పర్శ ఉందా? దూదితో చూడండి."

కళ్ళు మూసుకో రాహేలూ,
తాకినప్పుడల్లా చెప్పు.
అరచెయ్యి. "ఆఁ."
మణికట్టు. "ఆఁ."
మోచేతి మడత. "ఆఁ, గిలి."
బిళ్ళ మధ్యలో.
లారీ హారన్. లోపలెవరో తుమ్మారు.
బిళ్ళ మధ్యలో, మళ్ళీ.
"పెట్టవేం మేడం, పెట్టు."

పెట్టే ఉన్నాను.

లేదు, అని కొట్టాను.
రెండక్షరాలకి చాలాసేపు పట్టింది.

"ఒక్కసారి తీసుకురండి. చూసి మందు మొదలెడదాం."
కూలి పోదన్న నా మాట అక్కడే పోయింది.

జబ్బు పేరు షెడ్డులో చెప్పలేదు.
లారీ వెనక, టైరుకి ఆనుకుని, చెవిలో చెప్పాను.
అదే అయ్యుంటుందనీ, తొలిదశేననీ,
మాత్రలు ఊరికే ఇస్తారనీ,
ఆర్నెల్లనీ, వేళ్ళకేం కాదనీ,
పిల్లోణ్ణి ఎత్తుకోవచ్చనీ,
అన్నీ ఒక్క ఊపిరిలో,
ఆ పేరు మీద మట్టి కప్పుతున్నట్టు.

రాహేలు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.
ట్యాబులో తన చేతిని చూసుకుంటోంది.
ఎరుపు లేకుండా తన చెయ్యి
ఎలా ఉంటుందో మర్చిపోయినట్టుంది.
"తగ్గితే ఇక్కడ కూడా మండుద్దా?"

ఇది గుంటూరుకి పంపలేదు నేను.
మండొచ్చు, అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు.
కొంగుతో ఆ చోటు కప్పుకుని
గుట్ట దగ్గర తన జాగాలో కూచుంది.
పక్కామె కొంచెం జరిగి చోటిచ్చింది,
రోజూ జరిగినంతే.

ఇంకొకామె అప్పటికే పాదం చాపి ఉంది.
పది రూపాయల బిళ్ళ కోసం
సంచీ అంతా వెతుక్కున్నాను.